గురువారం కుర్చీలు

పోయిన గురువారం పొద్దున తొమ్మిదిన్నర వేళ మేడ్చల్ నుంచి షామీర్‌పేట వైపు పోతూ, దారిలో నాకు అలవాటైన చాయ్ హోటల్ ముందు స్కూటీ ఆపాను. చాయ్ ఇంకా చేతికి రాలేదు. రోడ్డుకు అవతలి పక్క ఒక ముసలావిడ నీలం ప్లాస్టిక్ కుర్చీని నెత్తి మీద బోర్లించుకుని పోతోంది. ఆమె వెనక ఎర్ర కుర్చీ ఒకటి. ఆ వెనక సైకిలు క్యారియర్‌కు కట్టిన తెల్ల కుర్చీ.

గురువారం ఆ బస్తీలో కుర్చీలు నడవడం కొత్తేమీ కాదు. చర్చి పక్కన ఒంటిగది సబ్‌సెంటరు ఉంది. వారానికి ఒక్కరోజు అక్కడికి నర్సమ్మ వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇస్తుంది. ముసలివాళ్ళంతా ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకుని అటు పోతారు. కానీ ఆరోజు కుర్చీలు పోతున్నది చర్చి వైపు కాదు, రైలు గేటు వైపు. గురువారం కుర్చీలు అటూ ఇటూ తిరిగాయంటే ఆ ముసలివాళ్ళ సంఘంలో ఎవరో పోయారని అర్థం.

"ఎవరవ్వా?" అని కేకేశాను.

"ఆయమ్మ" అంది ముసలావిడ, ఆగకుండానే.

చాయ్ అక్కడే వదిలేసి పరుగెత్తాను అని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే, వచ్చేదాకా ఆగి తాగాను.  ఆ మనిషి మాట వినబడితే నాకు ముందు వచ్చేది ఏడుపు కాదు, బెదురు. రెండేళ్ళుగా అంతే.

ఆమెకు పేరు ఉంది. ఆధార్ కార్డులో ఉంది, చర్చి రిజిస్టరులో ఉంది. ఒకసారి నేను ఆ పేరుతో పిలిస్తే, "గది కాయితాలకు. మనుషులకు ఆయమ్మ చాలు" అంది. అందుకని ఇక్కడా ఆ పేరు రాయను.

సబ్‌సెంటరులో ఆమె ఆయా. ఊడవడం, తుడవడం, సూదులు మరిగించే రోజుల్లో సూదులు మరిగించడం, పురుళ్ళకు లాంతరు పట్టుకోవడం, అన్నీ ఆమే. ఊరు మున్సిపాలిటీలో కలిశాక సబ్‌సెంటరును హైవే అవతల ఉన్న పెద్ద దవాఖానలో కలిపేశారు. ఆ దవాఖానకు పోయే బస్సును అంతకు ముందే ఎత్తేశారు. ఒకరోజు వ్యాను వచ్చి బెంచీలు, బీరువా, బరువు తూచే మిషను, ఆఖరికి గోడ గడియారం కూడా ఎక్కించుకుపోయింది. ఆయమ్మ ఉద్యోగమూ ఆ వ్యానులోనే పోయింది. తాళంచెవి మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిది ఆమె ఇవ్వలేదు. కొంగుకు ముడేసుకుంది.

ముసలివాళ్ళు మొత్తుకుంటే, గురువారం గురువారం నర్సమ్మను పంపడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. మొదటి వారం అందరూ బండల మీద కూర్చున్నారు. లేవడానికి ఒకరినొకరు పట్టుకుని లాగాల్సి వచ్చింది. రెండో వారం ఆయమ్మ ఇంటింటికీ పోయి, "ఎవలి కుర్చీ వాళ్ళు తెచ్చుకోన్రి. సర్కారుకు మన పిర్రలతోటి పని లేదంట" అని చెప్పి వచ్చింది. సంఘం అంటే అదే. బోర్డు లేదు, రశీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు అంతకన్నా లేడు. ముప్పై కుర్చీలు ఉన్నాయి, ఒకరు పోతే ఇంకొకరు చేరేవారు. అన్నీ ఒకే మాదిరి బజారు కుర్చీలు కాబట్టి కలిసిపోకుండా వెనక గోళ్ళరంగుతో గుర్తులు పెట్టారు. ఒకరిది చుక్క, ఒకరిది శిలువ, ఒకరిది నెలవంక.

ఆమె హాజరు వేసేది మనుషులకు కాదు, కుర్చీలకు. గదిలో వరుసల మధ్య నడుస్తూ ఒక్కో కుర్చీ వీపు మీద వేలి మెటికతో టక్కుమని కొట్టేది. లెక్క తగ్గితే ఆ గుర్తు ఎవరిదో ఆమెకు తెలుసు. సరాసరి ఆ ఇంటికి పోయి గడప బయట నిలబడి, "కుర్చీకి జ్వరం వచ్చిందా?" అని అడిగేది. లోపల మనిషి మూలుగుతూ ఉంటే గొంతు తగ్గించేది. టీవీ చూస్తూ దొరికితే వీధి వీధంతా వినేది.

ఇంకో అలవాటు ఉంది. ఎవరు కనబడినా ముందు వంగి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి చూసేది. బజారులో, పెళ్ళిలో, చర్చి మెట్ల మీద, ఎక్కడైనా సరే. వేలు తీశాక సొట్ట అలాగే నిలిచిపోతే వాపు ఉందని, గుండెకో కిడ్నీకో తేడా ఉందని ఆమె లెక్క. ఏ నర్సు దగ్గర నేర్చుకుందో. "నోటిని అడిగితె బాగున్న అంటది. ముసలోళ్ళ నోరు ఎప్పుడు గంతే. కాళ్ళను అడగాలె" అనేది. కొత్త కోడళ్ళు సిగ్గుతో కాళ్ళు వెనక్కి లాక్కునేవారు. ఆమె వదిలేది కాదు.

ఆమె మాత్రం ఎప్పుడూ కూర్చోగా నేను చూడలేదు. అన్ని కుర్చీల మధ్య రెండు గంటలూ నిలబడే ఉండేది. చీర అంచు నేలను ఊడుస్తూ ఉండేది. రబ్బరు చెప్పుల్లో ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది, తర్వాత రెండోదానికీ పెట్టుకుంది. నర్సమ్మ ఎన్నిసార్లు పిలిచినా బీపీ చూపించుకోలేదు. "నేను పనిమనిషిని, పేషెంటును గాను" అని నవ్వేది. ఉద్యోగం పోయి ఎన్నేళ్ళయిందో గుర్తు చేస్తే ఆ పూటకు మాట్లాడేది కాదు.

ఇక నా సంగతి. నాది సర్వే పని. ఆఫీసు అల్వాల్‌లో, ఒక ప్రైవేటు ఏజెన్సీలో కాంట్రాక్టు ఉద్యోగం. అప్పట్లో ప్రభుత్వ భవనాలు ఏవి వాడుకలో ఉన్నాయి, ఏవి లేవు అని లెక్క తీస్తున్నారు. బిల్డింగు ముందు నిలబడి ఫోటో తీసి, ట్యాబులో రెండు గడుల్లో ఒకదాని మీద వేలు పెట్టాలి. ఆ గురువారం గుండ్లపోచంపల్లి నుంచి మొదలుపెట్టి పదకొండు బిల్డింగులు చూడాలి. ఎండ మాడ్చేస్తోంది. సబ్‌సెంటరు దగ్గరికి పదిన్నరకు చేరాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే గది ఖాళీ. బెంచీ లేదు, బల్ల లేదు, క్యాలెండరు కూడా లేదు. ఫోటో తీశాను. "వాడుకలో లేదు" అన్న గడి మీద వేలు పెట్టాను. నాలుగు నిమిషాలు పట్టిందేమో.

తిరిగి వస్తుంటే సందులో దారి మూసుకుపోయింది. ఎవరింట్లోనో చావు. ఇంటి ముందు నుంచి సందు మలుపు దాకా ప్లాస్టిక్ కుర్చీలు, వాటి నిండా ముసలివాళ్ళు. హారన్ కొట్టాను. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. నిలబడి ఉన్న ఒకావిడ ఒక అవ్వను లేపి, కుర్చీ పక్కకు జరిపి దారి ఇచ్చింది. రోడ్డు అంటే మీ ఇంటి వాకిలి కాదు అని కూడా అన్నాను. ఎందుకు దాచాలి, అన్నాను.

ఇరవై రోజులకు సబ్‌సెంటరు తలుపు మీద కాగితం అంటించారు. భవనం వాడుకలో లేదు కనుక వేరే శాఖకు ఇచ్చేస్తారు, నెలాఖరు నుంచి నర్సమ్మ రాదు. ఆ కాగితం సంగతి నాకు తెలియదు. నేను అప్పటికి ఇంకో మూడు వందల గడుల మీద వేలు పెట్టి ఉంటాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తిని బయటికి వస్తే వరండాలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పొద్దున పదింటి నుంచి అలాగే నిలబడి ఉందని, కుర్చీ వేస్తే వద్దందని వాచ్‌మన్ చెప్పాడు.

"సర్వే మేడం నువ్వేనా?" అంది.

"అవును. ఏం కావాలి?"

ఆమె వంగి నా చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. నేను అదిరిపడి వెనక్కి జరిగాను. ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది.

"కాళ్ళు మంచిగనే ఉన్నయి. గీ కాళ్ళతోటి ఆ దినం జరసేపు నిలబడకపోయినవా బిడ్డా?"

ఏ దినమో చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. "తాళం వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. ఉన్నది ఉన్నట్టు రాశాను" అన్నాను.

"తాళం నేనే ఏసిన. మల్లమ్మవ్వ పోయింది ఆ దినం. ఆకుకూరలమ్మే అవ్వ. మా సంఘంల ఎవరన్న పోతె అందరం కుర్చీలు తీస్కొని ఆ ఇంటికి పోతం. వచ్చినోళ్ళు కూసోవాలె గదా, వాళ్ళింట్ల ఏడున్నయి కుర్చీలు. నర్సమ్మ గూడ, మేమందరం ఆడనే ఉన్నం. నువ్వు మమ్ముల జూసినవ్. హారన్ గొట్టినవ్."

 ఆ కుర్చీలు, ఆ సందు, ఆ మొహాలు ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. కుర్చీ జరిపి నాకు దారి ఇచ్చినావిడ ఈమే.

"నువ్వు అబద్ధం రాయలే" అంది ఆమె. "గదే నాకు పరేషాన్ అయితాంది. అబద్ధమైతె కొట్లాడొచ్చు."

ఆ మాట పట్టుకుని నేను ఆ సాయంత్రమే పరుగెత్తలేదు. తొమ్మిది రోజులు ఊరుకున్నాను. తప్పు రాశానని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. పదో రోజు రాసి ఇచ్చాను. ఆయమ్మను వెంటబెట్టుకుని అధికారి దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఫైలు మూయాలని చూస్తున్న మనిషి, అంతే. చివరికి ఒక షరతు పెట్టాడు. ప్రతి గురువారం నర్సమ్మ రాగానే గదిలో ఉన్న మనుషులను ఫోటో తీసి పంపాలి. ఇరవై మంది ఉండాలి. ఏ ఒక్క వారం తగ్గినా అదే ఆఖరు, మళ్ళీ తన దగ్గరికి రావద్దు.

మెట్లు దిగుతూ ఆయమ్మ, "ఇరవై" అని రెండుసార్లు అనుకుంది. 

ఇరవై అంటే తక్కువే అనిపిస్తుంది. ముసలివాళ్ళతో వారం వారం ఇరవై నిలబెట్టి చూడండి, తెలుస్తుంది. వాన పడితే తమంతట తాము వచ్చేది పదిహేనే. ఊళ్ళో పెళ్ళుంటే పన్నెండు. ఒకరికి కళ్ళ ఆపరేషను, ఒకరు బహదూర్‌పల్లిలో కూతురు పురుడు చూడ్డానికి పోయారు. మిగతావాళ్ళ కోసం ఆయమ్మ ఎనిమిదింటికే తలుపులు కొట్టడం మొదలుపెట్టేది. నాకు ఆ బస్తీలో పని లేకపోయినా గురువారం వస్తే అటు పోకుండా ఉండలేకపోయేదాన్ని. పోతే ఆమె నా చేతుల వంక చూసి, "మల్ల చేతులూపుకుంట వచ్చినవా" అనేది. కుర్చీ తేనివాళ్ళు నిలబడాలి. గురువారానికి రెండు గంటల చొప్పున నన్ను నిలబెట్టింది. పోయేటప్పుడు నా చీలమండ కూడా నొక్కేది.

ఆ షరతు వచ్చాక ఆమె మారింది. అంతకు ముందు పరాచికాలాడే మనిషి, ఇప్పుడు గుమ్మంలో నిలబడి సందు చివరిదాకా చూస్తూ మెటికలు విరుచుకునేది. ఒక కొత్త రూలు పెట్టింది. సంఘంలో ఎవరు పోయినా గురువారం అందరూ చావింటికి పోవద్దు. సగం మంది పోవాలి, సగం మంది గదిలో కూర్చోవాలి. ఎవరు పోవాలో, ఎవరు కూర్చోవాలో ఆమే చెబుతుంది. నర్సమ్మ పని అయ్యాక మిగతావాళ్ళు పోవచ్చు.

"చచ్చినోళ్ళ కాడికి వంతులా?" అని చాలామంది గొణిగారు. గట్టిగా అన్నది మాత్రం కట్టెల సాబు ఒక్కడే. ఒకప్పుడు కట్టెల అడ్డా నడిపిన మనిషి. నెలవంక గుర్తు కుర్చీలు రెండు, ఒకటి ఆయనది, ఇంకొకటి ఆయన ఇంటామెది. ఎప్పుడూ పక్కపక్కన వేసుకునేవారు.

"ఆయమ్మా, మనిషి పోతె ఉరికి రావాలె. ఫోటో దిగి వస్తమంటె అదేం సంఘం?" అన్నాడు.

"ఫోటో లేకుంటె గోలీ లేదు సాబూ. గోలీ లేకుంటె ఇంకొకలు పోతరు" అంది ఆమె.

అది జరిగిన నాలుగు నెలలకు సాబు ఇంటామె పోయింది. గురువారం తెల్లవారుజామున. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతారని కబురు. ఆ వారం సాబు కాక ఊళ్ళో ఉన్నవాళ్ళే ఇరవై ఇద్దరు. సగం పంపితే లెక్క పడిపోతుంది. ఆయమ్మ ఇద్దరిని పంపింది, ఇరవై మందిని కూర్చోబెట్టింది. తను గుమ్మంలో నిలబడింది. తను కదిలితే అందరూ కదులుతారని ఆమెకు తెలుసు.

పది అయింది, పదకొండు అయింది, నర్సమ్మ రాలేదు. ఫోను కలవలేదు. సాబు ఇల్లు రెండు సందుల అవతల. అక్కడి ఏడుపులు గదిలోకి వినబడుతున్నాయి. ఒకామె కుర్చీలోంచి లేవబోతే ఆయమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఇదంతా నా వేలు చేసిన పని. అప్పుడు అధికారి మీద, నర్సమ్మ మీద, ఆయమ్మ మీద, అందరి మీదా కోపం వచ్చింది. నా మీద వచ్చినంత ఎవరి మీదా రాలేదు.

నర్సమ్మ బస్సు చెడిపోయి, ఆటో దొరక్క, ఒకటిన్నరకు వచ్చింది. ఫోటో తీసింది. అందరూ కుర్చీలు ఎత్తుకుని పరుగులాంటి నడకతో పోయేసరికి జనాజా లేచిపోయింది. సాబు ఇంటి ముందు ఇద్దరే ఇద్దరు కూర్చుని ఉన్నారు.

మరుసటి గురువారం సాబు రాడనే అనుకున్నాం. వచ్చాడు. కుర్చీని గోడ వైపు తిప్పి వేసుకుని, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇరవైల నన్ను లెక్కవెట్టుకో. గంతే" అన్నాడు గోడతో.

ఆ తర్వాత ఏడాదికి పైగా, ఆమె పోయేదాకా, ఆయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క వారం మానలేదు కూడా. ఆమె వంగి ఆయన చీలమండ నొక్కేది. ఆయన నొక్కనిచ్చేవాడు, కానీ ఇటు తిరిగేవాడు కాదు. "ఉప్పు మానలేదు నువ్వు" అని ఆమె ఆయన వీపుతో అనేది. "ఉప్పు లేకుంటె ముద్ద దిగుతలేదని చెప్పు" అని ఆయన గోడతో అనేవాడు. చూసేవాళ్ళకు నవ్వు వచ్చేది. నాకు రాలేదు.

ఒకసారి ఉండబట్టలేక, "ఆయనను ఒక్క మాట అడగొచ్చు కదా, మాఫ్ చేయమని" అన్నాను.

ఆమె తాళం వేస్తోంది. వేసి, లాగి చూసి, చెవి కొంగుకు ముడేసుకుంది. "అడిగితె మాఫ్ జేస్తడు. మంచోడు. మాఫ్ జేసినంక ఇంట్ల పండుకుంటడు. కోపం ఉన్నన్ని దినాలు వస్తడు" అంది. కొంగు సర్దుకుని, "నాకు ఆయన గోలీ మింగుడు గావాలె. మాట్లాడకున్న మంచిదే" అంది. అప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చూశానని తెలిసి నా మీద కసురుకుంది.

అదీ ఆ మనిషి. ఇప్పుడు ఆ మనిషి దగ్గరికి కుర్చీలన్నీ పోతున్నాయి, గురువారం, తొమ్మిదిన్నరకు.

రోడ్డు దాటి పోయి, వాళ్ళను అందుకుని అడ్డం పడ్డాను. "గదిలో ఎవరు కూర్చుంటున్నారు?" అని అడిగాను. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. సైకిలాయన తల దించుకున్నాడు.

"గీ ఒక్క దినం పోనీ బిడ్డా" అంది ముసలావిడ. "ఆమె కోసమే గదా."

"ఒక్క దినమే కావాలి పైవాళ్ళకు" అన్నాను. గొంతు నాకే తెలియకుండా లేచింది. "ఆమె వింటే ఊరుకునేదా?"

"వినెటందుకు ఉన్నదా?" అంది. కుర్చీ సర్దుకుని పోయింది. ఇంకో ఐదారు కుర్చీలు ఆమె వెనక పోయాయి. సాబు నెలవంక కుర్చీ కూడా వాటిలో ఉంది. ఆయన నా వంక చూడలేదు.

చాయ్ హోటలాయనను ఒక కుర్చీ ఇవ్వమని అడిగాను. ఎందుకని అడిగాడు. కూర్చోవడానికి అన్నాను. స్కూటీ ముందు అడ్డంగా పెట్టుకుని చర్చి వైపు పోయాను.

గదికి తాళం. చెవి ఆమె కొంగున ఉంది, కొంగు ఆమె ఒంటి మీద ఉంది. రెండేళ్ళ కిందట ఇదే తలుపు, ఇదే తాళం, ఇదే ఖాళీ గది. అప్పుడు నాలుగు నిమిషాల్లో పోయినదాన్ని, ఇప్పుడు మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కదాన్ని. పదింటికి నర్సమ్మ ఆటో దిగింది. సంగతి చెబితే బ్యాగు కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత గడియారం చూసుకుంది.

"పదిన్నర దాకా ఆగుతా అక్కా. నేను వచ్చిన టైము పైవాళ్ళకు తెలుస్తుంది, అంతకు మించి ఆగితే ఫోటో మీద టైము పట్టిస్తుంది" అంది.

పదీ పది. పదీ ఇరవై. చర్చి ఫాదర్ కూడా ఆమె ఇంటికే పోయినట్టున్నారు, ఆ పక్క ఒక్క పురుగు లేదు. నేను లేచి సందు చివరిదాకా పోయి చూసి వచ్చాను. మెటికలు విరుచుకుంటున్నానని నర్సమ్మ చెబితే గానీ నాకు తెలియలేదు.

పదీ ఇరవై ఐదుకు సందు మలుపులో నెలవంక కుర్చీ కనబడింది. సాబు ఎండలో చెమటలు కక్కుతూ వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. చెవికి కొంగు దారప్పోగు ఇంకా అంటుకునే ఉంది.

"వాళ్ళ చెల్లె బిడ్డ విప్పి ఇచ్చింది" అన్నాడు. "ఎవలు పోవాలె, ఎవలు కూసోవాలె? ఎప్పుడు ఆమెనే చెప్పేది. ఇయ్యాల చెప్పేటోళ్ళు లేరు. ఆమె నా ఇంటికి రాలే. నేను గూడ ఆమె ఇంట్ల కూసోను. ఈడ కూసుంట అని చెప్పి లేసిన."

ఆయన వెనక ఇంకో కుర్చీ మలుపు తిరిగింది. దాని వెనక మరొకటి. ఎవరు ఏ సగమో ఎవరికీ తెలియదు, అడగడానికి మనిషి లేదు. సాబు లేవడం చూసి ప్రతివాళ్ళూ తాము కూర్చోవలసిన సగమే అనుకున్నారు. అందరూ లేచి వచ్చేశారు. ఆమె దగ్గర ఒక్క కుర్చీ మిగల్లేదు.

తలుపు తెరిచాం. వరుసలు వేశారు. సాబు అలవాటు ప్రకారం గోడ వైపే తిప్పి వేసుకున్నాడు. నర్సమ్మ ఫోను ఎత్తి, లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, "ముప్పై ఒకటి" అంది. నా చాయ్ హోటల్ కుర్చీతో కలిపి. ఆ గదిలో ఎప్పుడూ అంతమంది లేరు.  టక్కుమని మెటిక చప్పుడు కోసం చూస్తున్నట్టు అందరూ బిగుసుకుని కూర్చున్నారు. నర్సమ్మ నాకు కూడా బీపీ చూసింది. ఎక్కువ ఉందంది.

పన్నెండింటికి ముప్పై ఒక్క కుర్చీలూ నెత్తిన పెట్టుకుని రైలు గేటు వైపు నడిచాం. నేనూ పెట్టుకున్నాను.

ఆయమ్మది ఒంటిగది అద్దె ఇల్లు. ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చెల్లెలి బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. "నీళ్ళ డ్రమ్ము పక్కన కూసున్నది అక్కా" అని నాతో చెప్పింది. "పెద్దమ్మ కూసునుడు నేనెన్నడు జూడలే. కూసున్నదని జూసినంకనే నాకు భయమైంది."

కాళ్ళకు దండం పెట్టుకుందామని వంగాను. చీర అంచు కొంచెం పైకి జరిగి ఉంది. పక్కన పిన్నీసులు పెట్టిన చెప్పులు. పట్టీలు ఎందుకు తెగాయో అప్పుడు అర్థమైంది. ఆ పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ఎందుకు చేశానో తెలియదు, చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. తీశాను. సొట్ట అలాగే నిలిచిపోయింది.

పైకి చూస్తే నా వెనక సాబు నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ఆ సొట్టనే చూస్తున్నాడు.

"గిన్ని దినాలల్ల ఒక్కలన్న సూసిన్రా ఈమె కాళ్ళు?" అన్నాడు.

 ఆయన పోయి తన కుర్చీ తెచ్చుకున్నాడు. ఆమె కాళ్ళ దగ్గర వేసుకుని, ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.